జెముళ్ళన్నీ ఒకటి కావు



పోయిన ఏడాది మార్చి నెలలో నేను అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరం పక్కన ఉండే మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. వాళ్ళ పెరట్లో ఒక తాబేలు ఉంది. సల్కాటా జాతి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున, సెనెగల్ మొదలుకొని ఇథియోపియా దాకా ఉన్న ఎండు నేలలు దాని పుట్టిల్లు. మా మనవడు దానికి కూర్మయ్య అని పేరు పెట్టుకున్నాడు. వాడికి పదకొండేళ్ళు. పొద్దున లేవగానే పళ్ళు తోముకోవడం కంటే ముందు కూర్మయ్యకు గడ్డి వేసి వస్తాడు.

ఒకరోజు నేను కాఫీ తాగుతూ వెనక వసారాలో కూర్చున్నాను. వాడు వంటింటి చాకు, ఒక పళ్ళెం పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏదో కోస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. ముందు వారం మొక్కల దుకాణంలో కొన్న కుండీలోని మొక్క అది. మూడు పలకల కాండం, పలకల అంచుల వెంబడి చిన్న చిన్న ఆకులు, ఒక్కో ఆకు పక్కన రెండేసి ముళ్ళు. కోసిన చోట తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా పళ్ళెంలోకి కారుతున్నాయి. వాడు ఆ చేత్తోనే కన్ను నలుపుకోబోతున్నాడు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

పంపు కింద చేతులు కడిగిస్తుంటే వాడు నా మొహంలోకి చూసి అడిగాడు. "అమ్మమ్మా, తాబేలుకు జెముడు పెట్టొచ్చని నువ్వే కదా చెప్పావు? ఇది జెముడు కాదా?"

కుండీకి గుచ్చిన చీటీ తీసి చూశాను. దాని మీద కాక్టస్ అని మాత్రమే ఉంది. ఏ కాక్టసో లేదు. నిజానికి అది కాక్టస్ కానే కాదు.

అనంతపురంలో ముప్పై ఏళ్ళు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. అయినా వాడి ప్రశ్నకు అక్కడికక్కడ రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే వాడు అడిగినదాంట్లో తప్పు లేదు. తప్పు మన పేర్లలో ఉంది. ఆ తర్వాత పదిహేను రోజులు ఇద్దరం కలిసి పెరట్లో ఒక్కో కుండీ ముందు కూర్చుని ఆ జవాబు వెతుక్కున్నాం. ఇవాళ మీతో పంచుకోబోయేది అదే. తాబేలుకు ఏ సక్యులెంట్ మొక్క పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు, ఆ రెండింటికీ తేడా ఎలా పట్టుకోవాలి?

అసలు విషయంలోకి వెళ్ళే ముందు మన దేశంలో ఉన్న శ్రోతలకు ఒక మాట చెప్పాలి. మన రాయలసీమ బీళ్ళలో, కంపల పక్కన కనిపించే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలులోకి చేరింది. అంటే పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా కట్టడి చేశారు. దారిలో కనబడితే దాని దారిన దాన్ని పోనివ్వండి, గాయపడి ఉంటే అటవీ శాఖకు చెప్పండి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో వాటిని సంరక్షిస్తున్నారు. చూడాలనిపిస్తే అక్కడికి వెళ్ళి దండం పెట్టుకుని రండి. విదేశీ జాతి తాబేలు మీ దగ్గర ఉంటే దాన్ని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. కాబట్టి ఈ ప్రసంగం ముఖ్యంగా అమెరికాలో, ఇంగ్లండులో చట్టప్రకారం తాబేళ్ళను సాకుతున్న మన తెలుగు కుటుంబాల కోసం. అయితే మొక్కల గుర్తింపు గురించి చెప్పేది మాత్రం మిద్దె మీద నాలుగు కుండీలున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

మొదట సక్యులెంట్ అంటే ఏమిటో చూద్దాం. ఆకులోనో, కాండంలోనో, వేరులోనో నీళ్ళు దాచుకునే మొక్క ఏదైనా సక్యులెంటే. అది వంశం పేరు కాదు, అలవాటు పేరు. మీసాలున్న వాళ్ళంతా ఒక ఇంటివాళ్ళు కానట్టే, ఆకు దళసరిగా ఉన్న మొక్కలన్నీ ఒక కుటుంబం కావు. కలబంద ఒక కుటుంబం. నాగజెముడు మరొకటి. రణపాల ఇంకొకటి. ఎడారి గులాబీ ఏకంగా గన్నేరు కుటుంబం. కరువును తట్టుకోవడానికి ఇవన్నీ వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే రకం ఒళ్ళు తెచ్చుకున్నాయి. అందుకే "సక్యులెంట్లు తాబేలుకు మంచివా?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఈ మొక్క మంచిదా అని అడగాలి. అలా అడగాలంటే ముందు దాని పేరు తెలియాలి.

తాబేలు కడుపు గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి. సల్కాటా గాని, నక్షత్ర తాబేలు గాని, అరిజోనా ఎడారి తాబేలు గాని ప్రధానంగా గడ్డీ గాదం తిని బతికేవి. పీచు పదార్థం దాని పెద్దపేగులో నెమ్మదిగా పులిసి శక్తి అవుతుంది. డొప్ప కూడా ఎముకే కాబట్టి సున్నం, అంటే కాల్షియం, చాలా కావాలి. తినే తిండిలో భాస్వరం ఎంత ఉందో దానికి కనీసం రెండింతలు కాల్షియం ఉండాలంటారు. ఈ లెక్కన సక్యులెంట్లు భోజనంలో అన్నం కావు, పచ్చడి లాంటివి. వాటిలో నీళ్ళు ఎక్కువ, పీచు తక్కువ. పళ్ళెంలో ఎక్కువ భాగం గడ్డి ఉండాలి, పక్కన కొంచెం సక్యులెంట్ ఉండాలి. ఈ పాళ్ళు తారుమారైతే మంచి మొక్క కూడా విరేచనాలు తెప్పిస్తుంది.

ఇప్పుడు మా మనవడి ప్రశ్న దగ్గరికి వద్దాం.

మన తెలుగులో జెముడు అనే మాటను రెండు కుటుంబాల మొక్కలకు వాడతాం. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు. ఇవి మన నేల మీద ఎప్పటి నుంచో ఉన్నవి. ఇవన్నీ యుఫోర్బియా జాతి. గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే మంట, కంట్లో పడితే చూపుకే ప్రమాదం, నోట్లోకి పోతే నోరూ గొంతూ పొక్కిపోతాయి. పల్లెల్లో పశువులు దాన్ని ముట్టవు కాబట్టే రైతులు చేలకు కంచెగా నాటేవాళ్ళు.

నాగజెముడు కథ వేరు. అది అమెరికా ఖండాల మొక్క, అసలు సిసలు కాక్టస్. శాస్త్రనామం ఒపన్షియా. సముద్రం దాటి వచ్చి మన బీళ్ళలో స్థిరపడింది. కొత్తగా వచ్చినదానికి ముళ్ళు చూసి మనవాళ్ళు పాత పేరే పెట్టుకున్నారు. పడగ విప్పిన పాములా ఉందని ముందు నాగ అని చేర్చారు. ఇక బ్రహ్మజెముడు అంటే ఒక ఊళ్ళో ఒక మొక్కను చూపిస్తారు, పక్క ఊళ్ళో మరొకదాన్ని చూపిస్తారు. మనుషులకు ఇది పేర్ల తికమక మాత్రమే. తాబేలుకు ప్రాణం మీదికి వచ్చే తికమక.

ఎందుకంటే నాగజెముడు తాబేలుకు మేలైన ఆహారం. 1835లో గాలపాగస్ దీవులకు వెళ్ళిన చార్లెస్ డార్విన్, నీళ్ళు లేని దీవుల్లో పెద్ద తాబేళ్ళు ముఖ్యంగా ఈ రసం నిండిన కాక్టస్ మీదే బతుకుతున్నాయని రాశాడు. అక్కడ కొన్ని దీవుల్లో ఒపన్షియాలు చెట్లలా మానుకట్టి పైకి లేస్తాయి. మెడ పైకి చాచేందుకు వీలుగా డొప్ప ముందు భాగం ఎత్తుగా వంగిన తాబేళ్ళు అక్కడున్నాయి. అమెరికా నైరుతి ఎడారుల్లో, టెక్సాస్ పొదల్లో తిరిగే తాబేళ్ళూ దీని రెమ్మలూ, పూలూ, పండ్లూ తింటాయి. మన పల్లె పిల్లలు కూడా నాగజెముడు పండ్లు కోసి, నేల మీద రుద్ది, ముళ్ళు పోగొట్టి తిని, నోరంతా ఎర్రగా చేసుకుని ఇంటికి వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో నేనూ తిన్నాను. ఒకప్పుడు దక్షిణాదిలో ఊళ్ళకు ఊళ్ళను కమ్ముకున్న ఈ మొక్కను అదుపు చేయడానికి 1926 ప్రాంతంలో సిలోన్ మీదుగా ఒక జాతి కొచినీల్ పురుగును తెప్పించి వదిలారు. రెమ్మల మీద దూది అంటించినట్టు తెల్లగా కనబడేది ఆ జాతి పురుగే. ఇవాళ బీళ్ళలో నాగజెముడు అంతగా కనిపించకపోవడానికి అదొక కారణం.

మరి రెండింటికీ తేడా ఎలా? రేడియోలో చూపించలేను కాబట్టి జాగ్రత్తగా వినండి. వీలైతే భూతద్దం పట్టుకుని మీ కుండీ ముందు కూర్చోండి.

ముల్లు ఎక్కడి నుంచి పుట్టిందో చూడండి. కాక్టస్‌లో ముల్లు నేరుగా చర్మం మీది నుంచి రాదు. పెసరగింజంత చిన్న మెత్తటి గద్దె లాంటిది ఉంటుంది, నూలు ఉండలా నూగునూగుగా. ఆ గద్దెలోంచి ముళ్ళు గుత్తిగా వస్తాయి. పూవూ అక్కడి నుంచే, కొత్త రెమ్మా అక్కడి నుంచే. ఆ గద్దెను ఏరియోల్ అంటారు. కాక్టస్ కుటుంబానికి అది పుట్టుమచ్చ. ఏ కాక్టస్‌కైనా ఉంటుంది, కాక్టస్ కాని మొక్కకు ఉండదు. యుఫోర్బియాలో ఆ నూగు గద్దె కనపడదు. కాండం పలక అంచున గట్టిగా, పొలుసులా ఉన్న చోటి నుంచి ముళ్ళు చాలావరకు జంటగా, ఆవు కొమ్ముల్లా రెండు పక్కలకు విచ్చుకుంటాయి. కాక్టస్ పువ్వు రేకలు రేకలుగా పెద్దదిగా విరగబూస్తుంది. యుఫోర్బియా పువ్వు చిన్నది, కంటికి ఆనదు.

అప్పటికీ అనుమానం తీరకపోతే చేతికి తొడుగు వేసుకుని, కంటికి దూరంగా పట్టుకుని, సూదితో చిన్నగా గుచ్చండి. తెల్లటి పాలు వస్తే ఆ మొక్కను తాబేలు దగ్గరికి రానివ్వకండి. మామిలేరియా లాంటి కొన్ని కాక్టస్‌లలోనూ పాలు ఉంటాయన్నది నిజమే. వాటిని వదిలేసినందువల్ల మనకు పోయేదేమీ లేదు. అయితే ఈ పాల నియమం సక్యులెంట్ల వరకే. తాబేళ్ళు ఇష్టంగా తినే డాండిలయన్ అనే కలుపు మొక్కలోనూ పాలు ఉంటాయి, దానికి భయం లేదు.

నాగజెముడు పెట్టే పద్ధతి కూడా చెబుతాను. పెద్ద ముళ్ళు మన కంటికి కనబడతాయి. ప్రమాదం వాటితో కాదు, నూగు గద్దెల్లో దాగిన సన్నటి ముళ్ళతో. వెంట్రుక కంటే పల్చగా ఉంటాయి. తాకితే ఊడి వచ్చి చర్మంలో దిగబడతాయి. మెక్సికో వాళ్ళు ఈ రెమ్మలను కూర వండుకుంటారు. నోపాల్ పేరుతో అక్కడి అంగళ్ళలో ముళ్ళు గీకేసి అమ్ముతారు. ఫీనిక్స్‌లో మా అమ్మాయి అవే తెస్తుంది. పెరట్లో కోసినదైతే పట్టకారతో పట్టుకుని, పొయ్యి మంట మీద వంకాయ కాల్చినట్టు రెండు పక్కలా తిప్పి, గద్దెలు నల్లబడ్డాక తడిబట్టతో తుడిచి పెట్టాలి. అరచేతి మందంలో ముక్కలు కోస్తే చాలు. కూర్మయ్య అయితే ముక్క కింద పడకముందే మెడ చాస్తాడు. కొరికినప్పుడు వచ్చే కరకర శబ్దం, గడ్డం మీదికి కారే జిగురు, ఆ తర్వాత కాసేపు కళ్ళు అరమూసుకుని ఎండలో నిలబడటం, ఇదంతా చూస్తూ మా మనవడు బడికి ఆలస్యం చేసుకున్న రోజులున్నాయి.

రెండో తికమక జేడ్ మొక్క.

మన హైదరాబాద్, బెంగళూరు నర్సరీల్లో జేడ్ అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది పోర్టులకేరియా ఆఫ్రా. దక్షిణాఫ్రికా మొక్క. అక్కడ దీన్ని స్పెక్‌బూమ్ అంటారు. ఆడ్డో ప్రాంతంలో ఏనుగులు దీన్ని మేస్తాయి, తాబేళ్ళూ మేస్తాయి. ఏనుగు పొద అనే పేరు అందుకే వచ్చింది. తాబేలుకు ఇది భేషైన మేత. అమెరికాలో అదే జేడ్ పేరుతో అమ్మేది సాధారణంగా క్రాసులా ఒవాటా. అది కుక్కలకూ పిల్లులకూ పడదని పశువైద్యుల జాబితాల్లో ఉంది. తాబేలు విషయంలో దాని మీద ఏకాభిప్రాయం లేదు. ఏకాభిప్రాయం లేనప్పుడు నా మాట ఒక్కటే, వద్దు. దాని స్థానంలో పెట్టడానికి అంతకంటే మంచిది మన చేతిలో ఉంది కదా.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పోర్టులకేరియా ఆకు మన చిటికెన వేలి గోరంత, మహా అయితే బొటనవేలి గోరంత. కొమ్మ సన్నగా, ఎర్రటి గోధుమ రంగులో, కణుపు కణుపుకీ మధ్య ఎడంగా ఉంటుంది. క్రాసులా ఆకు పెద్దది, దళసరి, మెరుస్తూ ఉంటుంది. దాని కాండం లావుగా, బూడిద పచ్చగా, కండపట్టిన చెయ్యిలా ఉంటుంది. ఆకు పరిమాణం చూసి తేల్చుకోలేకపోతే కొమ్మ రంగు చూడండి.

పోర్టులకేరియా ఆకు పుల్లగా ఉంటుంది, మనుషులు కూడా తినవచ్చు. ఇలాంటి మొక్కలు పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చి, అందులోని బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుంటాయి. పొద్దెక్కేకొద్దీ దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున కోసిన ఆకు ఎక్కువ పులుపు, సాయంత్రం కోసినది తక్కువ. మనం పప్పులో వేసుకునే గంగపావిలి కూర దీనికి బంధువు. పావిలి కూర కూడా తాబేలుకు పెట్టవచ్చు, కాని అప్పుడప్పుడే. దానిలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. వారానికి ఒకసారి గుప్పెడు సరిపోతుంది.

మూడో జట్టు కలబంద, కిత్తనార. దూరం నుంచి రెండూ నేల మీద విచ్చుకున్న కత్తుల మోపులే. దగ్గరికి వెళ్ళి ఆకు విరవండి. కలబంద పుటుక్కున విరిగి లోపల స్ఫటికంలా జిగురు కనపడుతుంది. కిత్తనార విరగదు. దాన్నిండా నార. కొసన సూదిలాంటి ముల్లు. పెద్ద కిత్తనార రసంలో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. ఆ ముల్లు తాబేలు కంట్లో గుచ్చుకునే ప్రమాదం వేరే. కిత్తనార వద్దు. మరి కలబంద? లోపలి జిగురుతో ఇబ్బంది లేదు. తోలు కింద కారే పసుపు పచ్చటి చేదు రసం ఉంది చూశారా, అది భేదిమందు. ఎడారిలో నీటిబొట్టును ప్రాణంలా దాచుకునే జంతువుకు విరేచనం పెట్టడం మంచిది కాదు. పెట్టాలనుకుంటే ఆకును నిలువుగా నిలబెట్టి పసుపు రసం కారిపోయాక తోలు తీసి చిన్న ముక్క పెట్టండి. నేనైతే కలబంద బంధువులైన హావోర్తియా, గాస్టేరియా మొక్కలు పెడతాను. అవి సురక్షితమైనవి. చారల ఆకులతో నిటారుగా పెరిగే స్నేక్ ప్లాంట్ మాత్రం పెట్టకూడదు. అది మన చాగనార జాతికి చెందింది. దానిలో సబ్బులా నురగ కట్టే సాపోనిన్లు కడుపును పాడుచేస్తాయి.

ఇక గులాబీ పువ్వులా ఆకులు పేర్చుకునే అందమైన మొక్కలున్నాయి. ఎకెవేరియా, సెంపర్‌వైవమ్. పూర్తిగా విచ్చుకున్న తామరను పిడికిలంత చేసినట్టు ఉంటాయి. ఈ రెండూ తాబేలుకు మంచివే. సెడమ్ మొక్కల్లో చాలావరకు పనికొస్తాయి గాని, నేలబారున పరుచుకుని పసుపు పూలు పూసే సెడమ్ ఏకర్ కారంగా ఉండి నోరు మండిస్తుంది, దాన్ని మానుకోండి. క్రిస్మస్ కాక్టస్ పెట్టవచ్చు.

కాని ఎకెవేరియా, సెడమ్‌ల కుటుంబంలోనే మన పెరటి రణపాల కూడా ఉంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రణపాల ఆకు మన ఇళ్ళలో మందుమొక్క. ఆకు అంచు గంట్ల నుంచి పిల్ల మొక్కలు పుడతాయని చిన్నప్పుడు పుస్తకంలో పెట్టుకుని ఆడుకున్నాం. అమ్మమ్మలూ నాయనమ్మలూ పుండుకు కట్టు కట్టారు. ఆ నమ్మకంతోనే తాబేలుకూ మంచిదేమో అనుకుంటాం. అది కలాంచో జాతి. గుండె కొట్టుకునే తీరును చెరిపే విషపదార్థాలు దానిలో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఇదే జాతి మొక్కలు తిని పశువులు చచ్చిపోతున్నాయి. దక్షిణాఫ్రికాలో దీని దాయాది కోటిలెడాన్ తిని గొర్రెలూ మేకలూ చచ్చిపోతున్నాయి. రంగురంగుల పూలతో చిన్న కుండీల్లో అమ్మే కలాంచో కూడా ఇదే. ఆకు అంచున పిల్ల మొక్కలు కనపడితే, గంట్లు గంట్లుగా ఉన్న దళసరి ఆకు అయితే, తాబేలు తిరిగే చోట అది ఉండకూడదు. రాలిన పిల్ల మొక్క ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది, కాబట్టి నేలా వెతకాలి.

మిద్దెతోటల్లో అందరూ ముచ్చటపడే ఎడారి గులాబీ, అంటే అడీనియం, మరీ ప్రమాదం. ఉబ్బిన మొదలు, గులాబీ రంగు పూలు చూసి మురిసిపోతాం. అది గన్నేరు కుటుంబమని ముందే చెప్పాను. గన్నేరు పప్పు సంగతి మన పల్లెల్లో తెలియనివాళ్ళు లేరు. ఆఫ్రికాలో వేటగాళ్ళు అడీనియం రసాన్ని బాణాల కొసలకు పూసేవాళ్ళు. అలాగే పచ్చిబఠాణీలు దారానికి గుచ్చినట్టు వేలాడే ముత్యాల తీగ కూడా పెట్టకూడదు. అది సెనీషియో బంధువు. ఆ వర్గం మొక్కల విషం కాలేయాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. వేలాడే కుండీలోంచి ఒక్కో గింజ రాలి తాబేలు ముందు పడుతుంది. అది రాలిందని మనం గమనించం.

మొక్క మంచిదే అయినా దుకాణం నుంచి తెచ్చిన రోజే పెట్టకండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. పురుగు పట్టకుండా కొట్టే మందుల్లో కొన్ని ఆకు మీద ఉండిపోవు. వేరు నుంచి మొక్క ఒంట్లోకి ఎక్కుతాయి, నెలల తరబడి ఉంటాయి. కడిగితే పోవు. పైగా కాక్టస్‌లకు రంగు పూస్తారు, కాగితపు పూలు జిగురుతో అంటిస్తారు, మట్టిలో ఎరువు గుళికలు కలుపుతారు. కాబట్టి తెచ్చిన మొక్కను పాత మట్టి దులిపి కొత్త మట్టిలో నాటండి. కొన్ని నెలలు పెరగనివ్వండి. కొమ్మ తుంచి వేరే కుండీలో గుచ్చి, దాని నుంచి వచ్చిన కొత్త చిగురు పెడితే ఇంకా నిశ్చింత. నాగజెముడు రెమ్మ, పోర్టులకేరియా కొమ్మ రెండూ ఊరికే వేళ్ళు పోసుకుంటాయి. కోసిన రెమ్మను వారం నీడలో ఆరబెట్టి మట్టిలో గుచ్చితే చాలు.

కొత్త మొక్క మొదటిసారి పెట్టేటప్పుడు ఒక్కటే పెట్టండి. వేలెడు ముక్క పెట్టి రెండు మూడు రోజులు చూడండి. మలం గట్టిగా ఉందా, తిండి మామూలుగా తింటోందా, కళ్ళు తెరిచి చురుగ్గా తిరుగుతోందా. తాబేలుకు నొప్పి వస్తే అరవదు. దాని కష్టం మన కంటికి ఆలస్యంగా తెలుస్తుంది. నోటి నుంచి చొంగ కారడం, తల లోపలికి లాక్కుని కళ్ళు మూసుకునే ఉండటం, కాళ్ళు లాగలేకపోవడం, తిండి మానేయడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. ఇంటి వైద్యం వద్దు. నూనె తాగించడం, పాలు పట్టడం లాంటివి మేలు చేయకపోగా ఊపిరితిత్తుల్లోకి పోయి మరో ప్రమాదం తెస్తాయి. సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. తిన్న మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసి వెంట పట్టుకెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది ఏం తిన్నదని. పేరు చెప్పలేకపోయినా మొక్కను చూపించగలగాలి.

ఇంత జాగ్రత్త ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అడవిలో తాబేలుకు ఎవరు చెబుతున్నారని అడుగుతారు. అడవిలో దాని తాతముత్తాతలు తరతరాలుగా తిన్న మొక్కలే దాని చుట్టూ ఉంటాయి, తిరగడానికి ఎకరాల నేల ఉంటుంది. ఒకదాన్ని ఒక కొరుకు కొరికి మరోదాని దగ్గరికి నడిచిపోతుంది. మన పెరట్లో ఆఫ్రికా తాబేలు ముందు మెక్సికో మొక్క, మడగాస్కర్ మొక్క, మన దేశపు మొక్క ఒకే గోడ పక్కన ఉంటాయి. ఇలాంటి తోట దాని వంశంలో ఎవరూ చూసి ఉండరు. దానికి తెలియనిది మనం తెలుసుకోవాలి.

పైగా ఇది ఒక ఏడాదితో, రెండేళ్ళతో పోయే బాధ్యత కాదు. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2024 మార్చిలో ఒక గాలపాగస్ తాబేలు చనిపోయింది. దానికి సుమారు 125 ఏళ్ళని చెప్పారు. సల్కాటా పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉంటుంది. పెరిగితే నలభై కిలోలు దాటుతుంది, మనిషి ఆయుష్షు దానికీ ఉంటుంది. కూర్మయ్య నా తర్వాత ఉంటాడు. మా అమ్మాయి తర్వాత కూడా ఉండవచ్చు. వాడికి ఏం పెట్టాలో తెలిసిన మనిషి ఒకరు ఎప్పుడూ ఆ ఇంట్లో ఉండాలి.

కాగితం, కలం దగ్గరుంటే నాలుగు మాటలు రాసుకోండి. ఒకటి, పేరు తెలియని మొక్క ఆహారం కాదు. ఊరి పేరు, దుకాణం పేరు చాలవు, శాస్త్రనామం కావాలి. రెండు, ముల్లు పుట్టిన చోట నూగు గద్దె ఉందో లేదో చూడండి, పాలు కారితే పక్కన పెట్టండి. మూడు, కొన్న మొక్కను కొన్ని నెలలు పెంచి కొత్త చిగురే పెట్టండి. నాలుగు, ఎంత మంచి మొక్కయినా గడ్డి తర్వాతే.

నేను బయలుదేరే ముందు రోజు మా మనవడు ఐస్‌క్రీమ్ పుల్లలు కడిగి ఆరబెట్టాడు. ఒక్కో పుల్ల మీద పెన్సిలుతో మొక్క పేరు రాశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో శాస్త్రనామం, కింద వంకర తెలుగులో మన పేరు. నాగజెముడు పుల్ల మీద జె రాయడానికి మూడుసార్లు చెరిపాడు. పేరు దొరకని కుండీలు రెండు మిగిలాయి. వాటిని మోసుకెళ్ళి కంచె అవతల, కూర్మయ్య నోటికి అందని చోట పెట్టాడు. పాలు కారిన ఆ మూడు పలకల మొక్కనూ పారేయలేదు. అదీ ప్రాణమే కదా అన్నాడు. దాన్ని వీధివైపు గోడ మీద పెట్టి, దానికీ ఒక పుల్ల గుచ్చాడు. యుఫోర్బియా ట్రైగోనా అని రాసి, కింద తెలుగులో "జెముడే, కాని కూర్మయ్యకు కాదు" అని రాశాడు.

వాడు నన్ను అడిగిన ప్రశ్నకు అంతకంటే సరైన జవాబు నాకు దొరకలేదు.